పాత బుల్లెట్టులోని నిప్పురవ్వ

పెద్దలనుండి సంక్రమించిన పట్టుచీరలను, నగలను, ఇత్తడి గంగాళములను భద్రపఱచుకొనుట మనకు తెలియును. చీరల మడతలలో కలరాయుండలు వేయుదుము. గంగాళమును చింతపండుతో తోముదుము. వసారామూలను గోనెపట్టాక్రింద నిలిచియున్న మోటారుసైకిలు మాత్రము దిక్కులేనిదై పోవుచున్నది. అది తండ్రిగారో మామగారో ఇరువది ముప్పది సంవత్సరములు నడిపిన బుల్లెట్టు. వారున్నంతకాలము వీథిమలుపున దాని చప్పుడు వినబడగానే ఇంటిలోనివారు కాఫీకి నీళ్లు పెట్టెడివారు. వారు పోయిన పిదప దానిని కదిపినవారు లేరు. ఎన్నడో యొకనాడు కుమారుడో అల్లుడో పట్టా తీసి, పదిమారులు కిక్కరు త్రొక్కి, చెమటలు గ్రక్కి, బండి చచ్చినదని తేల్చును. పిలువనంపిన మెకానిక్కు, "అమ్మా, ఇది పాయింట్ల బండి. ఈ కాలానికి లాభం లేదు. ఇవి పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టిద్దాం" అని చెప్పును.

ఆ మాటకు వెంటనే తల యూపవలదని మనవిచేయుటకే ఈ వ్యాసము. తఱచుగా ఆ బండి చచ్చియుండదు. దాని పాయింట్లు మైలపడి యుండును, అంతియే. వానిని శుభ్రపఱచి, తగిన సందుంచి, తగిన వేళకు తెఱచుకొనునట్లు అమర్చుట కుట్టుమిషను దారపు బిగువును సరిచేసికొనగలిగిన చేతులకు అసాధ్యమైన పని కాదు.

ముందుగా బండి పుట్టుపూర్వోత్తరములు రెండుమాటలలో చెప్పెదను. బుల్లెట్టు మొదట ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థవారిచే నిర్మింపబడినది. మన సైన్యమునకు ఇట్టి బండ్లు కావలసివచ్చినవి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరులో వీని తయారీ నెలకొల్పబడినది. ఇంగ్లండులోని మూలసంస్థ 1970 నాటికి మూతపడినను మద్రాసు బుల్లెట్టు ఆగలేదు. ఆ పోత యినుప యింజను పెద్ద మార్పు లేకయే దశాబ్దములు గడిపినది. 2000 తరువాతి నమూనాలలో క్రమక్రమముగ ఎలక్ట్రానిక్ పద్ధతి ప్రవేశించినది. కావున మన వసారాలలోని 1960, 1970, 1980 ప్రాంతపు బుల్లెట్లు పాయింట్ల బండ్లే యని తలంచవచ్చును.

ఇక పాయింట్లనగా నేమి? సిలిండరునకు వెనుకప్రక్క చిన్న గుండ్రని మూత యుండును. దానిని తీసిన లోపల ఇత్తడి పలకపై రెండు చిన్న లోహపు బొడిపెలు ఎదురెదురుగ కనబడును. ఒకటి కదలదు, రెండవది స్ప్రింగుగల చేతికి అంటియుండి కదలుచుండును. నడుమ కామ్ అను మిట్టగల యిరుసు తిరుగుచు, ఆ చేతికున్న ఫైబరు ముక్కను త్రోసినప్పుడెల్ల బొడిపెలు విడివడును. మిట్ట దాటగానే మరల కలసికొనును. చూచుట కింతియే. కాని యింజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగునప్పుడు ఈ బొడిపెలు 1500 మారులు, అనగా సెకనునకు 25 మారులు, విడివడి కలియుచుండవలెను. ఒక్కమారు తప్పినను బండి దగ్గును.

బ్యాటరీలో నున్నవి ఆఱు వోల్టులు. తరువాతి బండ్లలో పండ్రెండు. ప్లగ్గు కొనయందు రవ్వ ఎగురుటకు వేలకొలది వోల్టులు కావలెను. ఆఱు వేలగుట యెట్లు? మిద్దెమీది తొట్టినుండి గొట్టములో నీరు వేగముగ పాఱుచుండగా కుళాయిని ఠక్కున కట్టిచూడుడు. గొట్టమంతయు దడాలున అదరును. పాఱుచున్నదానిని హఠాత్తుగ ఆపినప్పుడు పుట్టు పోటు అది. కాయిలులో రెండు తీగచుట్లు గలవు: లావుతీగతో కొలదిచుట్లు, వెండ్రుకవంటి తీగతో వేలచుట్లు. పాయింట్లు మూసికొనియున్నంతసేపు లావుతీగలో కరెంటు పాఱి కాయిలు అయస్కాంతశక్తితో నిండును. పాయింట్లు తెఱచుకొనగానే ప్రవాహము తెగి, నిండిన శక్తి యొక్కసారిగ కూలి, సన్నతీగలో వేలవోల్టులై పొంగి ప్లగ్గునకు పరుగెత్తును. మూసికొనినప్పుడు కాదు, తెఱచుకొనినప్పుడే రవ్వ పుట్టునని సోదరీమణులు గట్టిగ గుర్తుంచుకొనవలెను. తక్కిన మర్మమంతయు దీనిలోనే యున్నది.

ఆ తెఱచుకొను క్షణమున కరెంటు ప్లగ్గువైపు పనిని మాని పాయింట్ల సందునే దుముకజూచును. దుమికెనా, బొడిపెలు కాలిపోవును, ప్లగ్గున రవ్వ సన్నగిల్లును. అట్లు దుముకకుండ దానిని తనలో ఇముడ్చుకొనునది బొటనవ్రేలంత డబ్బీ. దాని పేరు కండెన్సరు. ఈ బ్యాటరీ-కాయిలు పద్ధతిని అమెరికాలో చార్లెస్ కెట్టరింగు రూపొందించెను. 1912 నాటి కాడిలాక్ మోటారుకార్లలో విద్యుత్ స్టార్టరుతోబాటు అది వెలసినది. నూఱేండ్లు దాటినను దానిలోని సూత్రము మారలేదు.

ఇది మగవారి పని కదా యని యనువారికి ఒక చరిత్ర చెప్పవలసియున్నది. ఇంగ్లండులో 1909లో జన్మించిన బియాట్రిస్ షిల్లింగు అను వనిత తన పదునాలుగవ యేట సొంతముగ నొక మోటారుసైకిలు కొనినది. అది రాయల్ ఎన్‌ఫీల్డే యగుట మనకు ముచ్చట గొలుపును. ఆమె మాంచెస్టరు విశ్వవిద్యాలయమున విద్యుత్ యంత్రశాస్త్రమును చదివి, 1934లో బ్రూక్‌లాండ్సు పందెపు బాటపై నార్టను బండిని గంటకు 106 మైళ్ల వేగమున నడిపి, నూఱుమైళ్లు దాటినవారి కిచ్చు బంగారు నక్షత్రమును సంపాదించెను. 1941లో యుద్ధవిమానముల యింజనులు మునుకకు వంగినప్పుడు ఆగిపోవుచుండగా, బిళ్లవంటి చిన్న లోహపుముక్కతో ఆ లోపమును చక్కదిద్దిన దామెయే. మన పని అంతటిది కాదు. ఒక సందును కొలుచుటయే.

పనికి కావలసినవి: చిన్న తిరుపుళి, రెంచీలు, పాయింట్లకని అమ్ము సన్నని ఆకురాయి, ఫీలరు గేజి యను పలుచని ఉక్కురేకుల కట్ట, శుభ్రమైన నూలుగుడ్డ, కొంచెము స్పిరిటు. ఫీలరు గేజి వెల స్వల్పము. అది లేనిదే పని మొదలుపెట్టరాదు. కొందఱు విజిటింగు కార్డుతో కొలుతురు. అది దారిలో చిక్కుపడినవారి ఉపాయమే కాని ఇంటిలో తీరికగ పనిచేయువారికి తగదు.

ఇచట మన ఆడువారికి ప్రత్యేకముగ రెండు హెచ్చరికలు. బ్యాటరీ దగ్గఱ చేయి పెట్టుటకు ముందు లోహపు గాజులు, ఉంగరములు తీసివేయవలెను. గాజు రెండు తీగకొనలకు తగిలినచో క్షణములో ఎఱ్ఱగ కాలి చేతిని కాల్చును. చక్రము త్రిప్పునప్పుడు పైటకొంగు నడుమున బిగించుకొనవలెను. మఱియు పెట్రోలు తొట్టి కుళాయి కట్టివేసి, ఆరుబయట గాలి ఆడుచోట పనిచేయవలెను. వంటయింటి ప్రక్క వసారా దీనికి స్థలము కాదు.

మూత తీయకముందే బండియొక్క నాడిని చూడవచ్చును. బుల్లెట్టు హెడ్‌లైటుపైన ఆమ్మీటరు అను చిన్న గడియారమువంటిది గలదు. చాలమంది దానిని అలంకారమనుకొందురు. నిండు బ్యాటరీ పెట్టి, లైట్లన్నియు ఆర్పి, తాళము త్రిప్పి, కిక్కరును చేతితో మెల్లగ అదుముచు ఆ ముల్లును చూడుడు. పాయింట్లు మూసికొనియున్నప్పుడు ముల్లు కొంచెము మైనసువైపునకు వ్రాలును. తెఱచుకొనగానే నడిమికి వచ్చును. ముల్లు అట్లు ఊగుచున్నచో బ్యాటరీనుండి పాయింట్లవఱకు దారి బాగున్నదని యర్థము. ఎంత త్రిప్పినను వ్రాలకయే యున్నచో దారి ఎచటనో తెగినది, లేదా బొడిపెలపై మకిలి పట్టినది. వ్రాలినది వ్రాలినట్లే నిలిచియున్నచో పాయింట్లు విడివడుటలేదు, లేదా కరెంటు వానిని దాటకయే ఇనుములోనికి దిగిపోవుచున్నది. ఈ పరీక్షకు కానీ ఖర్చులేదు. వైద్యుడు నాడి చూడక మందీయడు కదా. ఈ ముల్లు చూడక పాయింట్లు పీకెదననువాని చేతికి బండి నీయకుడు.

నాకు తెలిసిన యొక సోదరి గుంటూరు జిల్లాలో ఉపాధ్యాయినిగ పనిచేసి విశ్రాంతి తీసికొనినది. భర్త బుల్లెట్టును కొత్తదానివలె చేయింపదలచి యొక మరమ్మతుశాలకిచ్చినది. వారు బండినంతయు విప్పి, నల్లగ నిగనిగలాడునట్లు రంగుపూసి, మెఱుగులు దిద్ది తెచ్చిరి. హారను మ్రోగినది, దీపము వెలిగినది. ఇంజను మాత్రము పలుకలేదు. పాయింట్లు పాతవైనవి, తీసివేయవలెనని వారనిరి. పాయింట్ల మూత ఆమె భర్త చేతిలో వేయిమారులు మెదలినది. ఆమె వద్దని, ఇంటివద్ద తాళము త్రిప్పి ఆమ్మీటరు చూచినది. ముల్లు కదలలేదు. దీపములు వెలుగుచున్నవి కావున బ్యాటరీ మంచిదే. పాయింట్ల బొడిపెలు అద్దమువలె నున్నవి. పలకను పైకెత్తి చూడగా, అది కూర్చుండు చోటనంతటను దట్టముగ రంగు పూయబడియున్నది. పాయింట్లగుండ వచ్చిన కరెంటు ఇంజను ఇనుములోనికి దిగిననేగాని వలయము పూర్తికాదు; రంగుపొర దానిని అడ్డగించినది. చిన్నచాకుతో ఆ రంగును గీకి ఇనుము తేల్చి, పలక బిగించి, తాళము త్రిప్పగానే ముల్లు వ్రాలినది. అల్లుడు వచ్చి మూడవమారు త్రొక్కినప్పుడు బండి పలికినదట. ఎదురింటివారు బయటకు వచ్చి నిలుచుండిరని చెప్పి ఆమె కొంతసేపు మాటాడలేదు. నేనును ఏమియు అడుగలేదు.

ఇక శుభ్రపఱచు విధము. బ్యాటరీ తీగ నొకదానిని విప్పి వేఱుచేసిన పిదప, పలకయొక్క అంచునుండి దాని గూటిమీదికి సూదిమొనతో నొక గీత గీయవలెను. తిరిగి బిగించునప్పుడు ఆ గీత కలిసినచో బండి టైమింగు చెడదు. ఆపై పాయింట్లను విప్పి, ఏ వాషరు ఏ వరుసనున్నదో కాగితముపై బొమ్మ వేసికొనవలెను. ఇది చిన్నతనమనిపించును గాని మిక్కిలి ముఖ్యము. కదలు పాయింటును ఇనుమునుండి వేఱుచేయు ఫైబరు వాషర్లు ఒకటి రెండుండును. అవి తారుమారైనచో కరెంటు ఎల్లప్పుడును ఇనుములోనికి దిగుచు, పాయింట్లు తెఱచినను మూసినను రవ్వ పుట్టదు.

బొడిపెల ముఖములు బూడిదరంగుతో నున్నగ నున్నచో మంచివి. ఒకదానిపై చిన్న మొటిమ, ఎదుటిదానిపై గుంట ఏర్పడుట సహజము. మొటిమను ఆకురాయితో మెల్లగ అరగదీసి, రెండుముఖములు సమముగ ఆనునట్లు చేయవలెను. ఉప్పుకాగితము వాడరాదు, దాని రేణువులు లోహములో నాటుకొని మరల కాల్పునకు కారణమగును. అటుపిమ్మట స్పిరిటు గుడ్డతో తుడిచి, ఆఖరున పొడికాగితమును నడుమ నుంచి లాగవలెను. క్రొత్తపాయింట్లు కొనినను ఈ తుడుపు తప్పదు. తుప్పు పట్టకుండ వానిపై పూసిన నూనెపొరయే రవ్వను చంపును. కామ్‌పై ఆవగింజంత గ్రీజు చాలును. ఎక్కువైన గ్రీజు వేడికి కరగి బొడిపెలపై చింది చేసిన పనినంతయు పాడుచేయును.

మూతక్రింద పలకకు వెనుక రెండు చిన్నబరువులు, రెండు స్ప్రింగులు గలవు. ఇంజను వేగము హెచ్చినకొలది రవ్వ ముందుగ పుట్టునట్లు చేయునవి యవియే. ఏండ్లతరబడి నిలిచిన బండిలో అవి తుప్పుతో బిగుసుకొని యుండును. కామ్‌ను వ్రేళ్లతో త్రిప్పి విడిచినచో దానంతట అది వెనుకకు రావలెను. రానిచో విప్పి, కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, చుక్క నూనె వేయవలెను. ఆ యిరుసు ప్రక్కలకు వదులుగ ఊగుచున్నచో మాత్రము ఇంటిలో చేయగలది లేదు; లేతుయంత్రము గల పనివానిచే దాని బుష్షు మార్పించవలెను. ఊగు యిరుసుతో ఏ సందును నిలువదు.

ఇప్పుడు సందు. ప్లగ్గు ఊడదీసి, బండిని నడిమిస్టాండుపై నిలిపి, నాలుగవ గేరులో నుంచి, వెనుకచక్రమును చేతితో త్రిప్పుచు, బొడిపెలు అన్నిటికంటె ఎక్కువగ విడివడినచోట ఆపవలెను. అప్పుడు వాని నడుమ సందు 0.35 మొదలు 0.40 మిల్లీమీటరుల లోపల నుండవలెను. ఆ మందపు ఉక్కురేకు కొంచెము రాచుకొనుచు దూరవలెను. స్క్రూ బిగించునప్పుడు సందు మారుట స్వభావము కావున బిగించిన పిదప మరల కొలువవలెను. క్రొత్త పాయింట్ల ఫైబరు ముక్క మొదట త్వరగ అరుగును. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిదప సందు తగ్గియుండును, మఱియొకమారు చూడవలెను.

సందు కుదిరిన తరువాతనే టైమింగు చూడవలెను గాని ముందు కాదు. ఏలనగా సందు హెచ్చినచో పాయింట్లు ముందుగ తెఱచుకొనును, తగ్గినచో ఆలస్యముగ తెఱచుకొనును. 350 సి.సి. బుల్లెట్టునకు, ఆ బరువులు విశ్రాంతిగ నున్న స్థితిలో, పిస్టను పైకొనకు చేరుటకు 0.8 మిల్లీమీటరు దూరములో నుండగా పాయింట్లు విడివడ నారంభింపవలెను. అది బియ్యపుగింజ మందము కంటెను తక్కువ. ఆ క్షణమును కనుగొనుటకు గాలిపటము కాగితమువంటి పలుచని కాగితమును బొడిపెలనడుమ నుంచి, మెల్లగ లాగుచు చక్రమును త్రిప్పవలెను. కాగితము జాఱినచోటనే పాయింట్లు తెఱచుకొనుచున్నవి. ఆమ్మీటరు ముల్లును అదే సాక్ష్యము చెప్పును. పిస్టను స్థానమును కొలుచుట మాత్రము కొంచెము నేర్పు కోరును. ప్లగ్గు రంధ్రము ఏటవాలుగ నున్నందున అందు దూర్చిన పుల్ల చిక్కుకొనవచ్చును. మొదటిమారు అనుభవముగల మేస్త్రీని ప్రక్కన నుంచుకొనుట మేలు. మీరు గీసిన సూదిగీత చెడకయున్నచో ఈ శ్రమయే రాదు.

ఈ కొలతను తేలికగ తీసికొనరాదు. రవ్వ మిక్కిలి ముందుగ పుట్టినచో పిస్టను పైకెక్కుచుండగనే ప్రేలుడు జరిగి దానిని వెనుకకు తన్నును; ఆ తన్ను కిక్కరుగుండ కాలికి వచ్చును. పాత బుల్లెట్లవద్ద చీలమండ విఱిగినవారి కథలు ఊరూర నున్నవి. కావున త్రొక్కువారు చెప్పులతో కాక బూట్లతో నుండవలెను. కిక్కరును మెల్లగ అదుముచు ముల్లు నడిమికి వచ్చినచోట ఆగి, ఎడమచేతిప్రక్కనున్న డికంప్రెషను మీటను నొక్కి, పిస్టను పైకొన దాటునట్లు కిక్కరును మఱికొంచెము జార్చి, మీట విడిచి, కిక్కరును పైకి రానిచ్చి, అటుపిమ్మట నిండుగ ఒక్కమారు త్రొక్కవలెను. బలముకంటె ఈ వరుస ముఖ్యము. దీని నెఱిగిన సన్నని ఆడుపిల్ల త్రొక్కగా పలికిన బండి, ఎఱుగని వస్తాదు త్రొక్కగా పలుకదు.

ఇంత చేసినను బండి చల్లగ నున్నప్పుడు పలికి, వేడెక్కగానే ఆగుచున్నచో కండెన్సరును, కాయిలును అనుమానింపవలెను. చీకటిలో మూత తీసి చూచినప్పుడు బొడిపెలనడుమ పెద్ద నీలిమంట చిటచిటలాడుచున్నచో అది కండెన్సరు పని చేయకపోవుటకు గుర్తు. క్రొత్తది కొనునప్పుడు అన్నిటికంటె చవుకదానిని ఎంచుకొనకుడు. సికిందరాబాదు రాణీగంజులోను, విజయవాడ ఆటోనగరులోను, చెన్నై పుదుపేటలోను పాత బుల్లెట్టు సామాను దొరకును. కాని క్రొత్తపెట్టెలోని నాసిరకము పాయింట్లకంటె మీ బండిలోని పాతవానిని అరగదీసి వాడుటయే మేలగుట కద్దు. బొడిపెల లోహము పలుచనై పోయినప్పుడే మార్చవలెను. ఆఱు వోల్టుల బండికి ఆఱు వోల్టుల కాయిలే వేయవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఎలక్ట్రానిక్ పెట్టె చెడ్డదని నా యభిప్రాయము కాదు. దానిలో అరుగునది లేదు, సందు చూడవలసిన పని లేదు. ప్రతిదినము ఆఫీసునకు ముప్పది కిలోమీటర్లు పోవలసినవారు దానిని పెట్టించుకొనిన తప్పు పట్టను. కాని నెలకొకమారు గుడికో, ఊరిచివర తోటకో తీసికొనిపోవు పాతబండికి దాని అవసరమేమి? బ్యాటరీ నీరసించినప్పుడు పాయింట్లు ఎట్లో నెట్టుకొనివచ్చును. పెట్టెలు అట్టి స్థితిలో మొండికేయుట గలదు. పాయింట్లు చెడినచో దారిప్రక్క చెట్టుక్రింద ఆకురాయితో బాగుపడును. పెట్టె చెడినచో మఱియొక పెట్టె కొనవలసినదే. ఎట్లయినను పెట్టె పెట్టించినవారు విప్పిన పాతపలకను, పాయింట్లను, బరువులను పనివానివద్ద విడువక అడిగి తెచ్చుకొనవలెను. ఒకమారు పాతసామానులో కలసినచో మీ బండివి మరల దొరకవు.

ఒక్కమాట మాత్రము ఇంటిలోని పిల్లలకు సైతము చెప్పియుంచుడు: ఇంజను ఆగియుండగా తాళమును త్రిప్పి విడువరాదు. పాయింట్లు మూసికొనిన స్థితిలో ఆగియున్నచో కరెంటు కాయిలుగుండ పాఱుచునే యుండి, దానిని కాల్చి, బ్యాటరీని పీల్చివేయును. బండిని ఆపగానే ముల్లు నడుమ నిలిచినదో లేదో చూచి, తాళము తీసి జేబులో వేసికొనవలెను. శుభ్రపఱచి దాచిన పాతపాయింట్ల జతను, ఒక కండెన్సరును, ఆకురాయిని నూనెకాగితములో చుట్టి, సందు చూచిన తేదీని దానిపై వ్రాసి, బండి ప్రక్కపెట్టెలో నుంచుడు.